ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్ర: ఏ దారి నిజంగా ఖాళీ, ఎందుకు ఖాళీ?

ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ సైకిల్ యాత్ర నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. 2019లోనూ 2023లోనూ మన దేశం నుంచి వందలమంది వెళ్ళారు. హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తర్వాతిది 2027లో. ఆ గడువుతో నార్మండీ, బ్రిటనీ పల్లెల్లోంచి తొక్కితే గడియారం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అందుకే ఇంకోసారి గడువు గొడవ లేకుండా, క్యారియర్‌కి రెండు బ్యాగులు తగిలించుకుని, రోజుకు అరవై డెబ్భై కిలోమీటర్లు తాపీగా తిరగాలని చాలామంది అనుకుంటారు. యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు సెలవుల్లో వచ్చే ఆలోచనా ఇదే.

గందరగోళం అక్కడే మొదలవుతుంది. నెట్‌లో వెతికితే ఒకరు యూరోవేలో 6 అంటారు, ఒకరు వీ86 అంటారు, ఇంకొకరు వ్వా వెర్త్ అంటారు, మరొకరు డి రోడ్లు పట్టుకుంటే చాలంటారు. అన్నిటి పక్కనా ‘ప్రశాంతమైన దారి’ అనే రాసి ఉంటుంది. వీటిలో కొన్నిటి మీదకి కారు రావడమే నిషేధం. కొన్నిటి మీద కార్లు వస్తాయి, కాకపోతే అరుదుగా. కొన్నిటి మీద మాత్రం లారీలు తిరుగుతాయి. ఏది ఏదో తెలియాలంటే ముందు పేర్లు విడదీయాలి.

పేర్లు వేరు, దారులు వేరు

వ్వా వెర్త్ అంటే పచ్చదారి. దీనికి చట్టంలో నిర్వచనం ఉంది. 2004లో ఫ్రెంచ్ ట్రాఫిక్ నిబంధనల్లో చేర్చారు: మోటారు బండ్లు రాకూడదు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు, స్కేటింగ్ చేసేవాళ్ళు, కొన్నిచోట్ల గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు వాడుకోవచ్చు. ఎక్కువగా ఇవి మూసేసిన రైలు లైన్ల మీదా, కాలువ గట్ల మీదా ఉంటాయి.

వేలోరూత్ అన్నది దూరప్రయాణ మార్గానికి పెట్టిన పేరు. ఒక చోట నుంచి ఇంకో చోటికి సైకిల్ మీద వెళ్ళడానికి గుర్తులు పెట్టిన మొత్తం గీత అది. ఆ గీతలో కొంత భాగం వ్వా వెర్త్ కావచ్చు, కొంత భాగం మామూలు చిన్న రోడ్డు కావచ్చు, ఊళ్ళో అయితే పెయింట్ గీసిన పట్టీ కావచ్చు. 1998లో ఫ్రాన్స్ ఈ దారులకు జాతీయ పథకం వేసుకుంది. వీ అక్షరం, పక్కన అంకె ఉన్న బోర్డులు వీటివే.

యూరోవేలో వీటికి పైస్థాయి. దేశాలు దాటిపోయే మార్గాలివి, యూరోపియన్ సైక్లిస్టుల సమాఖ్య చూసుకుంటుంది. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా పోయేది 6వ నంబర్. అందులో ఫ్రాన్స్ భాగంలో బాగా పేరున్నది ‘ల్వార్ అ వేలో’. నెవేర్ ఊరి దగ్గర నుంచి సముద్రం ఒడ్డున సాఁ బ్రెవాఁ దాకా ల్వార్ నది వెంట దాదాపు 900 కి.మీ. చాలామంది పొరబడేది ఇక్కడే. 900 కిలోమీటర్లూ కార్లు రాని దారి అనుకుని వెళతారు. అందులో చాలా భాగం కార్లతో పంచుకునే చిన్న రోడ్లే. అవి మంచి రోడ్లే, కానీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఆ తేడా ముందే తెలియాలి.

ఇవన్నీ కలిపినా ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కదగ్గ దారుల్లో చిన్న ముక్కే. ఏ బోర్డూ, ఏ బ్రోషరూ లేని మామూలు పల్లె రోడ్లే అసలు సంపద. నా లెక్కలో ఫ్రాన్స్ వెళ్ళడానికి కారణం కూడా అవే.

మనుషులు వెళ్ళిపోయారు, రోడ్లు మిగిలాయి

ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు 11 లక్షల కి.మీ. పైమాటే. జాతీయ రహదారులు, ఎక్స్‌ప్రెస్‌వేలు కలిపినా అందులో రెండు శాతం చుట్టూ ఉంటాయి. సుమారు 3.8 లక్షల కి.మీ. జిల్లా రోడ్లు, దాదాపు 7 లక్షల కి.మీ. కమ్యూన్ రోడ్లు. కమ్యూన్ అంటే అక్కడి స్థానిక పాలనలో అట్టడుగు మెట్టు. రెండు వందలమంది ఉన్న పల్లెకీ ఒక మేయరూ, ఒక ఆఫీసూ ఉంటాయి. దేశంలో దాదాపు 35,000 కమ్యూన్లు ఉన్నాయి.

ఇన్ని రోడ్లు ఎందుకు వేశారు? 1836 మే 21న వచ్చిన ఒక చట్టం ప్రకారం ప్రతి కమ్యూనూ తన ఊరి దారుల్ని బాగుచేసి, పక్క ఊరితో కలిపి ఉంచాలి. ఊళ్ళోవాళ్ళు ఏటా కొన్ని రోజుల కూలీ గానీ, దానికి సరిపడా డబ్బు గానీ ఇవ్వాలి. అప్పట్లో పల్లెలు నిండుగా ఉండేవి. పొలానికి, మిల్లుకి, సంతకి, చర్చికి బండి పోయే బాట కావాలి. అలా దేశమంతా సన్న రోడ్లు సాలెగూడులా అల్లుకున్నాయి.

తర్వాత జనం పట్నాలకు పోయారు. మధ్య ఫ్రాన్స్‌లోని క్రోజ్ జిల్లా చూడండి. 1851లో అక్కడ 2,87,000 మంది ఉండేవారు. ఇప్పుడు 1,15,000 చుట్టూ. చదరపు కిలోమీటరుకు ఇరవై మందే. దక్షిణాన లోజేర్ జిల్లాలో అది 15. ఈశాన్యాన మ్యూజ్ నుంచి నైరుతిన లాంద్ దాకా దేశానికి అడ్డంగా ఇలాంటి పల్చటి పట్టీ ఒకటి ఉంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘ఖాళీ కర్ణం’ అంటారు; కర్ణం అంటే ఇక్కడ మూల నుంచి మూలకి పోయే గీత. ఆ పట్టీలో ఉండేవాళ్ళకి ఆ మాట అంతగా నచ్చదు.

జనం తగ్గినా రోడ్లు తగ్గలేదు. పొలాలు ఉన్నాయి, ట్రాక్టర్లు తిరగాలి, పోస్టు బండి రావాలి. కాబట్టి తారు వేస్తూనే ఉన్నారు. మూడు లక్షలమంది కోసం అల్లిన రోడ్ల మీద ఇప్పుడు లక్షమంది తిరుగుతున్నారు. సైకిల్ వాళ్ళకి దొరికే నిశ్శబ్దం ఎవరూ ప్లాన్ చేసి ఇచ్చింది కాదు. వలసలు మిగిల్చిపోయింది.

డి అక్షరాన్ని గుడ్డిగా నమ్మితే

మన దగ్గర నేషనల్ హైవే, ఆర్ అండ్ బీ రోడ్డు, పంచాయతీరాజ్ రోడ్డు ఉన్నట్టే అక్కడ ఏ, ఎన్, డి, సి. ఏ అంటే ఎక్స్‌ప్రెస్‌వే, సైకిళ్ళకు నిషేధం. ఎన్ జాతీయ రహదారి. డి జిల్లాది. సి కమ్యూన్‌ది. బోర్డు మీద ఏ, ఎన్ నంబర్లు ఎర్ర పట్టీలో, డి పసుపు పట్టీలో, సి తెల్ల పట్టీలో కనిపిస్తాయి. ‘ఎర్రది వదిలెయ్, పసుపుది పట్టుకో’ అన్న సలహా ఇందులోంచి పుట్టిందే. ఒకప్పుడు అది కొంత పనికొచ్చేది కూడా.

ఇప్పుడు ఎందుకు పనికిరాదంటే, కేంద్ర ప్రభుత్వం రెండు విడతలుగా తన రోడ్లను జిల్లాల చేతికి అప్పగించింది. 1970లలో వేల కిలోమీటర్లు పోయాయి. 2004 నాటి వికేంద్రీకరణ చట్టంతో 2006లో ఇంకో 18,000 కి.మీ. దాకా పోయాయి. ట్రాఫిక్ అదే, లారీలు అవే, బోర్డు రంగు మారింది. ప్యారిస్ నుంచి తులూజ్ వైపు పోయే పాత ఎన్20కి లోట్ జిల్లాలో ఇప్పుడు పేరు డి820. ల్వార్ కరకట్ట మీద పోయే పాత ఎన్152 తూర్, సోమ్యూర్ ప్రాంతాల్లో డి952 అయింది. రెండూ పసుపు పట్టీలే. రెండిటి మీదా సైకిల్ తొక్కడం శిక్షే.

నంబర్‌లో కొంత సూచన దొరుకుతుంది. 800లు, 900లు, ఆరుతో మొదలయ్యే నాలుగంకెలు చాలాసార్లు పాత జాతీయ రహదారులే. కానీ ఇది నియమం కాదు. నంబర్లు ఏ జిల్లాకి ఆ జిల్లా ఇచ్చుకుంటుంది. జిల్లా సరిహద్దు దాటగానే అదే రోడ్డుకి వేరే నంబర్ వస్తుంది.

అందుకే పాతకాపులు ఇప్పటికీ మిషెలిన్ కాగితం మ్యాపు దగ్గర పెట్టుకుంటారు. అందులో ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, పసుపువి మధ్యరకం, తెల్లవి చిన్నవి. గీత మీద బాణం ములుకులాంటి గుర్తులు ఉంటాయి. ఒకటుంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించి. ములుకు మొన ఎక్కే వైపు చూపిస్తుంది. బ్యాగులు వేసుకున్న సైకిల్‌తో రెండు ములుకుల రోడ్డు ఎక్కాలంటే ఆ రోజు ప్లానే మార్చుకోవాలి. ఇంకో గుర్తు ఉంది, కొత్తవాళ్ళని బాగా మోసం చేస్తుంది: రోడ్డు పక్కన ఆకుపచ్చ అంచు. దాని అర్థం ‘అందమైన దారి’ అని. ఖాళీ దారి అని ఎవరూ చెప్పలేదు. అందంగా ఉంటే టూరిస్టు కార్లూ వస్తాయి కదా.

తెల్ల గీతలే నిశ్శబ్దానికి ఎక్కువ నమ్మకమైన గుర్తు. గీత చుక్కలు చుక్కలుగా ఉంటే అక్కడ తారు లేకపోవచ్చు.

రోజుకు 500 బండ్లంటే సైకిల్ మీద ఎలా ఉంటుంది?

ఫ్రెంచ్ జిల్లాలు తమ రోడ్ల మీద రోజుకు సగటున ఎన్ని బండ్లు పోతాయో లెక్కకట్టి, చాలాచోట్ల మ్యాపులుగా బయటపెడతాయి. యూరోవేలో ప్రమాణాల్లో రోజుకు 500 లోపు ‘చాలా తక్కువ’, 2,000 దాకా ‘తక్కువ’. వినడానికి రెండూ ఒకేలా ఉన్నాయి. సీటు మీద కూర్చుంటే తేడా తెలుస్తుంది. లెక్క వేద్దాం.

రోజుకు 500 బండ్లు పోయే రోడ్డు తీసుకోండి. వాటిలో 400 పగటి 12 గంటల్లో పోతాయనుకుందాం. గంటకు 33, అంటే ఒక్కో వైపుకు సుమారు 17. మీరు గంటకు 15 కి.మీ. వేగంతో, కార్లు 60తో పోతున్నాయి. మీరూ ముందుకు కదులుతున్నారు కాబట్టి వెనక నుంచి వచ్చే పదిహేడూ ఆ గంటలో మిమ్మల్ని అందుకోలేవు. పదిహేడులో ముప్పాతిక వంతు, అంటే పన్నెండు పదమూడు బండ్లు దాటతాయి. ఐదు నిమిషాలకొకటి. ఎదురు వచ్చేవి ఇరవై ఒకటి.

అదే లెక్క 2,000 బండ్ల రోడ్డుకి వేస్తే గంటకు యాభై బండ్లు వెనక నుంచి దాటతాయి. నిమిషం పైచిలుకుకి ఒకటి. అద్దంలో చూసుకోవడం, పక్కకి జరగడం, మళ్ళీ చూసుకోవడం, ఇదే పని. పక్కనున్న మనిషితో మాట మొదలుపెడితే పూర్తికాదు. ప్రమాణాల భాషలో అది ‘తక్కువ’ ట్రాఫికే.

100 బండ్ల రోడ్డు మీద గంటకు రెండు మూడు. కమ్యూన్ రోడ్లలో ఇలాంటివి బోలెడు. ‘నిశ్శబ్దమైన దారి’ అని మనసులో ఉండేది ఇదీ. రోజంతా ఒకేలా ఉండదన్నది కూడా గుర్తుండాలి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఐదూ ఆరు మధ్య ఆఫీసు రద్దీ. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు దాకా దేశమంతా భోజనానికి కూర్చుంటుంది, డి రోడ్లు కూడా ఖాళీ అవుతాయి. ఎండ భరించగలిగితే తొక్కడానికి మంచి టైమ్ అది.

పట్టాలు పోయిన చోట, కాలువ గట్టు మీద

1879లో మంత్రి ఫ్రేసినే వేసిన పథకంతో ఫ్రాన్స్ మారుమూల ఊళ్ళకి కూడా రైలు లైన్లు పోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో బస్సులు, కార్లు వచ్చాక వాటిలో చాలా మూతపడ్డాయి. రైలింజను ఏటవాలు ఎక్కలేదు కాబట్టి ఆ లైన్లు కొండల మధ్య కూడా చదునుగా, చాలావరకు మూడు శాతంలోపు వాలుతో పోతాయి. పట్టాలు తీసేస్తే సైకిల్‌కి అంతకంటే ఏం కావాలి?

1997లో బుర్గోన్య ప్రాంతంలో జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కి.మీ. పాత లైను మీద మొదటి వ్వా వెర్త్ తెరిచారు. ద్రాక్షతోటల మధ్య సాఫీ తారు. పాత స్టేషన్లు, గేటుకీపర్ల చిన్న ఇళ్ళు దారి పక్కన అలాగే ఉన్నాయి. దక్షిణాన మాకోఁ వైపు పొడిగించినప్పుడు బ్వా క్లేర్ సొరంగం కూడా వాడుకలోకి వచ్చింది, 1,600 మీటర్ల పొడవు. చలికాలంలో దాన్ని మూసేస్తారు, లోపల గబ్బిలాలు నిద్రపోతాయి కాబట్టి. అప్పుడు పక్కనున్న కనుమ ఎక్కి దిగాల్సిందే. దక్షిణాన ఓ లాంగ్‌దోక్ కొండల్లో బెదారియో నుంచి మజమే దాకా, ఆర్దేష్ జిల్లాలో ఎరియో లోయ వెంట కూడా ఇలాంటివి ఉన్నాయి.

కాలువ గట్ల సంగతి వేరు, అక్కడ పేరు చూసి మోసపోతారు. కెనాల్ దు మిదీ అంటే అందరికీ తెలుసు. పియెర్ పోల్ రికే 1666లో తవ్వడం మొదలుపెట్టాడు, 1681లో నీళ్ళు పారాయి. తులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కి.మీ. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తులూజ్ నుంచి మొదటి యాభై కి.మీ. అద్దంలాంటి తారు. జిల్లా మారి ఓద్‌లోకి అడుగుపెట్టాక గట్టు చాలాచోట్ల మట్టిబాట అవుతుంది. ప్లేన్ అనే నీడచెట్ల వేర్లు అడ్డంగా లేచి ఉంటాయి. సన్న టైర్లతో, వెనక బరువుతో వెళితే ప్రతి వేరూ వెన్నులోకి తగులుతుంది. కొన్ని భాగాలు బాగుచేశారు. నీడ మాత్రం తగ్గింది. 2006లో బయటపడిన ఒక శిలీంధ్రం ఆ చెట్లను చంపేస్తుంటే, వ్యాపించకుండా వేల చెట్లు కొట్టేసి కొత్త జాతులు నాటుతున్నారు. కాలువ ఫొటోల్లో కనిపించే పచ్చటి గుహలాంటి దారి కోసం వెళితే కొన్నిచోట్ల అది ఉంటుంది, కొన్నిచోట్ల ఎండలో లేత మొక్కలుంటాయి.

అదే కాలువకి తులూజ్ అవతల అతుక్కున్న కెనాల్ ద గరోన్ అంత పేరున్నది కాదు. దాదాపు 190 కి.మీ., చాలావరకు తారు. నన్నడిగితే హాయిగా సాగేది అదీ.

కాఓర్ నుంచి ఫీజాక్ దాకా ఒక దారి వెతుకుదాం

లోట్ జిల్లాలో కాఓర్ నుంచి తూర్పున ఫీజాక్ దాకా వెళ్ళాలి. డెబ్భై ఎనభై కిలోమీటర్లు, ఒక నిండు రోజు.

మొదటి ముక్కలో తప్పించుకోలేం. ఊరు దాటి వేర్ దాకా నది ఒడ్డున పోయే డి653 మీద ఊళ్ళోకి పనికి వచ్చిపోయేవాళ్ళ కార్లు ఉంటాయి. అందుకే అది ఆదివారం పొద్దున గానీ, భోజనాల వేళ గానీ దాటితే మంచిది. వేర్ దగ్గర ఆ రోడ్డు నదిని వదిలి పీఠభూమి ఎక్కుతుంది. కారు జీపీఎస్ అటే తీసుకెళుతుంది, ఎందుకంటే ఫీజాక్‌కి దగ్గర దారి అది. సైకిల్‌కి నదివెంట డి662 పట్టుకోవడం మేలు.

కోన్‌దుషే దగ్గర సెలే అనే చిన్న నది వచ్చి లోట్ నదిలో కలుస్తుంది. దారి రెండుగా చీలేది ఇక్కడే. కుడివైపు లోట్ వెంటే వెళితే సాఁ సీర్ లపోపీ వస్తుంది. కొండ అంచున వేలాడే ఊరు, 2012లో ఫ్రెంచ్ టీవీ ప్రేక్షకులు తమకిష్టమైన పల్లెగా ఎన్నుకున్నారు. ఏప్రిల్‌లో అటు వెళ్ళండి. జులై, ఆగస్టుల్లో పార్కింగ్ కోసం తిరిగే కార్లూ, క్యాంపర్ వ్యాన్లూ ఆ రోడ్డుని నింపేస్తాయి.

ఎడమవైపు డి41 సెలే నది వెంట పోతుంది. తొలి కిలోమీటర్లలోనే సున్నపురాతి చరియ రోడ్డు మీదకి వాలి ఉంటుంది. కాబ్రెరే ఊరిపైన పెష్ మెర్ల్ గుహ, 1922లో బయటపడింది, మచ్చల గుర్రాల ఆదిమ చిత్రాలు దాంట్లోవే. తర్వాత మార్సియాక్, బ్రాంగ్, ఎస్పాన్యాక్. ఈ ఊళ్ళలో ఎస్పాన్యాక్ దగ్గర తప్పక ఆగాలి. మఠం గంటగోపురం కింద రాయి, పైన కలప చట్రం, మధ్యలో ఇటుక, ఆపైన అష్టభుజి కప్పు. ఎవరో కట్టడం ఆపేసి, ఇంకెవరో వేరే ఊరి ఇంటిని తెచ్చి పైన పెట్టినట్టు ఉంటుంది. లోయ వెంట ఎత్తుపల్లాలు తక్కువే. ఎండాకాలంలో పడవలు నడిపేవాళ్ళ వ్యాన్లు వస్తాయి, అయినా ఎడమ దారి కుడి దారి కంటే నయం.

మూడో దారి కూడా ఉంది. రెండు నదుల మధ్య పీఠభూమి ఎక్కి, తెల్ల గీతల వెంట పోవడం. దాదాపు 200 మీటర్ల ఎక్కుడు. పైన ఓక్ చెట్లు, రాళ్ళ కంచెలు, గొర్రెలు. గంటకు రెండు కార్లు వస్తే గొప్ప. దుకాణం ఉండదు.

నాలుగోది చాలాకాలం కాగితం మీదే ఉన్న దారి. కాఓర్ నుంచి కప్దెనాక్ దాకా నది వెంట మూతపడ్డ రైలు లైను ఒకటి ఉంది. దాన్ని వ్వా వెర్త్ చేయాలని కొందరు, టూరిస్టు రైలు మళ్ళీ నడపాలని కొందరు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. పట్టాలు తీసేస్తే రైలు ఇక రాదు కాబట్టి రైలు పక్షం వాళ్ళ బాధలో న్యాయం లేకపోలేదు.

గట్టు దారా, చిన్న రోడ్డా: వాదన ఎక్కడుంది

కార్లు రాని దారులే కావాలనేవాళ్ళ వాదన బలమైనదే. ఫ్రాన్స్‌లో 2023లో 221 మంది సైక్లిస్టులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో సగానికి పైగా ఊళ్ళ బయటి రోడ్ల మీదే. ఖాళీ రోడ్డు మీద కారు అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు వేగంగా వస్తుంది. 2018 జులైలో ప్రభుత్వం మధ్యలో డివైడర్ లేని రెండువైపుల రోడ్ల మీద వేగపరిమితిని 90 నుంచి 80కి తగ్గించింది. పల్లెల్లో గోల లేచింది. 2019 చివర్లో వచ్చిన చట్టంతో జిల్లాలకు మళ్ళీ 90 పెట్టుకునే వీలిచ్చారు. పెట్టుకున్నవి చాలావరకు జనం పల్చగా ఉన్న పల్లె జిల్లాలే. అంటే సైకిల్ యాత్రికుడు వెతుక్కునే జిల్లాలే. పిల్లలతో వెళ్ళేవాళ్ళూ, తొలిసారి వెళ్ళేవాళ్ళూ వ్వా వెర్త్ ఎంచుకుంటే తప్పుపట్టలేం.

చిన్న రోడ్ల పక్షం వాళ్ళు చెప్పేదీ వినాలి. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు కారు 1.5 మీటర్ల దూరం వదలాలి, ఇది చట్టం. 2015 నుంచి, ఎదురుగా ఏమీ రాకపోతే, ఆ దూరం ఇవ్వడానికి నడిగీత దాటడానికీ అనుమతి ఉంది. చాలామంది పాటిస్తారు. రైలు లైను ఊళ్ళకి దూరంగా, చెట్ల గాడిలో తిన్నగా పోతుంది. రెండు గంటలు తొక్కినా ఒక్క ఇల్లు కనిపించకపోవచ్చు. పల్లె రోడ్డు ప్రతి ఊరి చర్చి ముందు నుంచీ పోతుంది. పైగా వ్వా వెర్త్ మీద ఆదివారం సాయంత్రం నడిచేవాళ్ళు, తాడు పొడుగ్గా వదిలిన కుక్కలు, తూలుతూ తొక్కే చిన్నపిల్లలు, ప్రతి క్రాసింగ్ దగ్గరా బ్యాగులు పట్టని ఇనుప అడ్డాలు. కార్లు లేనంత మాత్రాన ప్రశాంతం అయిపోదు.

నాకు రెండో పక్షం వైపే మొగ్గు. కానీ పదేళ్ళ పిల్లాడితో వెళితే అటు ఓటెయ్యను.

మ్యాప్ యాప్‌లు ఈ వాదనలో నిశ్శబ్దంగా ఒక పక్షం తీసుకుంటాయి. మామూలు యాప్‌లో సైకిల్ గుర్తు నొక్కితే దూరం, ఎత్తు చూసి దారి ఇస్తుంది. సైకిల్.ట్రావెల్, బీరౌటర్ లాంటివి ట్రాఫిక్ తక్కువున్న రోడ్లకి మొగ్గుతాయి. ఒకే రెండు ఊళ్ళ మధ్య రెండు మూడు యాప్‌లలో దారి అడిగితే గీతలు ఎక్కడ విడిపోయాయో కనిపిస్తుంది. చూడాల్సిన ముక్క అదీ.

నిశ్శబ్దానికి కట్టాల్సిన అద్దె

ఏ కారణంగా రోడ్డు ఖాళీగా ఉందో, అదే కారణంగా దుకాణమూ మూతపడి ఉంటుంది. క్రోజ్‌లోనో లోజేర్‌లోనో ముప్పై కిలోమీటర్లు కిరాణా కొట్టు కనిపించకపోవడం మామూలే. ఉన్న బేకరీకి సోమవారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం మూత, ఆదివారం పన్నెండు దాటితే దేశమే మూత. ఈమధ్య కొన్ని పల్లెల్లో రొట్టెలిచ్చే మెషీన్లు పెట్టారు: చిల్లర వేస్తే పొడవాటి బాగెట్ జారి పడుతుంది. శాకాహారులు శనివారం సాయంత్రమే రెండు రోజుల సరుకు కొనుక్కోవడం మంచిది.

నీళ్ళకి యాత్రికులందరూ చెప్పే చిట్కా శ్మశానం. ఊరి చివర గోడకట్టిన శ్మశానంలో పూలకుండీలకు నీళ్ళు పోయడానికి ఒక కుళాయి ఉంటుంది. సాధారణంగా ఊరి సరఫరా నీళ్ళే. కుళాయి పక్కన ‘ఓ నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. మనవాళ్ళకి శ్మశానంలో నీళ్ళు పట్టుకోవడం మొదట ఇబ్బందిగా ఉంటుంది, ఎండ ముదిరాక ఆ ఇబ్బంది ఉండదు.

బస విషయంలో గుర్తులున్న మార్గాలదే పైచేయి. ‘అక్యెయ్ వేలో’ అనే ముద్ర ఉన్న హోటళ్ళు, క్యాంపింగ్‌లు వేలోరూత్‌కి ఐదు కి.మీ. లోపే ఉంటాయి. సైకిల్ దాచే చోటు, రిపేరు సామాను ఉంచాలన్నది వాటికున్న షరతు. బోర్డులేని పల్లెల్లో మునిసిపల్ క్యాంపింగ్‌లు చవగ్గా ఉంటాయి, కానీ చాలావరకు సెప్టెంబర్‌తో మూసేస్తారు.

సీజన్ కూడా ఈ లెక్కలోదే. మే, జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. ఎండాకాలం మొదట్లో రోడ్ల మీద తారు చల్లి సన్న కంకర పరుస్తారు, వారం పది రోజులు అది వదులుగా ఉండి మలుపుల్లో టైరు జారుతుంది. శరత్కాలం నుంచి ఫిబ్రవరి దాకా వేట సీజన్. అడవి దారుల్లో, ముఖ్యంగా ఆదివారాలు, రంగు కొట్టొచ్చే బట్టలు వేసుకోవాలి. ఊరి బయట రాత్రిపూట గానీ, పొగమంచులో గానీ మెరిసే జాకెట్ ఎటూ చట్టప్రకారం తప్పనిసరి. ల్వార్ వెంట గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి సముద్రం దగ్గర మొదలుపెట్టి లోపలికి రావడం సుఖం.

ఇక తిరిగి రావడం. వేగంగా పోయే టీజీవీ రైళ్ళలో సైకిల్ చోటు ఉంటే డబ్బు కట్టి ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే విప్పి 130 సెంటీమీటర్ల సంచిలో పెట్టాలి. ప్రాంతీయ టీఈఆర్ రైళ్ళలో సైకిల్ చాలాచోట్ల ఉచితం, కొన్ని ప్రాంతాల్లో ఎండాకాలం రిజర్వేషన్ అడుగుతారు. పల్లె లైన్లలో ఒక మెలిక ఉంది. రోజుకు ఆరు సర్వీసులున్నట్టు కనిపిస్తే అందులో రెండో మూడో రైలు బదులు నడిపే బస్సులు అయి ఉంటాయి, వాటిలో చాలావరకు సైకిల్ ఎక్కించరు. కాబట్టి టైమ్‌టేబుల్లో గంటలు చూసేముందు, ఆ వరుసలో ఉన్నది రైలు బొమ్మో బస్సు బొమ్మో చూసుకోవాలి.